చింతగింజల లెక్క
సుగ్గి కూలీల గురించి అపోహలు – వాస్తవాలు

కె.సి. కాలువకు నీళ్లు వదిలారంటే నంద్యాల, ఆళ్లగడ్డ మళ్లన్నీ ఒక్కసారే నాట్లకు వస్తాయి. ఊళ్లో ఉన్న చేతులు చాలవు. ఆదోని, కోసిగి వైపు నుంచి కూలీలు మూటాముల్లెతో దిగుతారు. పంట పనికి ఊరు దాటడాన్ని అటువైపు ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఆళ్లగడ్డ దగ్గర కాలువ గట్టున ఒక పెద్దామె తన వక్కాకు తిత్తి విప్పి నాకు చూపింది. ఎకరా నాటు పూర్తయినప్పుడల్లా అందులో ఒక చింతగింజ వేస్తుందట. తిత్తిలో పదకొండు గింజలున్నాయి. వాళ్ల గుంపు మేస్త్రీ కాగితంలో పది ఎకరాలే ఉన్నాయి. “మేస్త్రీ కాయితం మేస్త్రీది. నా లెక్క నాకుండాల గదా నాయనా” అంది.

ఇలాంటి మనుషుల గురించి మనం అలవాటుగా అనుకునే మాటలు కొన్నింటిని సరిచూసుకుందాం.

అపోహ: భూమి లేనివాళ్లే, సొంతూళ్లో పని చేయబుద్ధి కానివాళ్లే వలస వస్తారు.
వాస్తవం: ఆ పెద్దామెకు రెండెకరాల చేనుంది, వానే దానికి దిక్కు. 1863–70 మధ్య తవ్విన కె.సి. కాలువ సుంకేసుల నుంచి కడప వైపు పారుతుంది, ఆదోని వైపు పోదు. తుంగభద్ర దిగువ కాలువ అటు ఉన్నా చివరి ఊళ్లకు నీళ్లందడం కష్టం. అదనులో చినుకు తప్పితే పత్తి రైతే అప్పు తీర్చడానికి కూలీగా మారతాడు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయ్యేదాకా వాళ్లూ మనమూ ఒకే జిల్లా మనుషులం.

అపోహ: నాటు వేయడం ఎవరైనా చేసే పని.
వాస్తవం: ఒకసారి మడిలోకి దిగి చూడండి. ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతి వేళ్ల మధ్య రెండు మూడు మొక్కలు. బురదలో లోతుగా దిగితే పిలకలు తగ్గుతాయి, పైపైన గుచ్చితే మొక్క తేలిపోతుంది. ఖరీఫ్‌లో చదరపు మీటరుకు 33 కుదుళ్లు పడాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నడుం వంచి, వెనక్కి నడుస్తూ, కొలత లేకుండానే అందుకు తగిన దూరం పాటిస్తారు ఈ ఆడవాళ్లు. మన దిగుబడి మొదలయ్యేది వాళ్ల వేళ్ల దగ్గరే.

అపోహ: కూలీల కొరత ఉంటే గౌరవం దానంతటదే వస్తుంది.
వాస్తవం: రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికాను చూడండి. మనుషులు సైన్యానికీ ఫ్యాక్టరీలకూ పోవడంతో పొలాల్లో చేతులు కరువయ్యాయి. 1942 ఆగస్టులో మెక్సికోతో ఒప్పందం చేసుకుని ‘బ్రాసెరో’ కూలీలను రప్పించారు. గంటకు కనీసం 30 సెంట్ల కూలి, వసతి ఇస్తామని కాగితం మీద రాశారు. అయినా టెక్సాస్‌లో మెక్సికన్ల పట్ల వివక్ష ఎంత ఘోరంగా ఉండేదంటే, అక్కడికి మా మనుషులను పంపేది లేదని మెక్సికో ప్రభుత్వం తెగేసి చెప్పింది. పొదుపు పేరుతో కూలిలో పట్టుకున్న పదో వంతు చాలామందికి ఎన్నటికీ అందలేదు. అవసరం మనిషిని పిలిపిస్తుంది, అంతే. పక్కన కూర్చోబెట్టేది మన మనసే. మన దగ్గరా అంతే: టీకొట్టులో కులాన్ని బట్టి వేరు గ్లాసు పెట్టడం 1955 నుంచీ నేరం. ఆ చట్టం గుర్తుచేయాల్సిన అవసరమే రాకూడదు.

అపోహ: అడ్వాన్సు తీసుకున్న కూలీ అది తీరేదాకా కదలకూడదు.
వాస్తవం: అడ్వాన్సు చూపి మనిషిని కట్టిపడేయడం వెట్టిచాకిరి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఆ బాకీనే రద్దు చేసింది. వెట్టి చేయించిన వారికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

అపోహ: వలస కూలీలకు ప్రత్యేక చట్టం ఉంది, అదే చూసుకుంటుంది.
వాస్తవం: 1979లో తెచ్చి 2025 దాకా అమల్లో ఉన్న చట్టం కాంట్రాక్టరు ద్వారా రాష్ట్రం దాటి వెళ్లిన వారి కోసం. కోసిగి నుంచి ఆళ్లగడ్డకు వచ్చిన మనిషి అందులోకి వచ్చేవాడు కాదు. అయితే కనీస వేతనం, ఆడా మగా తేడా లేని కూలి వీళ్లకూ హక్కే. వెంట వచ్చిన పిల్లలను టీసీ లేదని, చదువు ఏడాది సగంలో వచ్చారని బడి తిప్పి పంపకూడదు. 2009 విద్యాహక్కు చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది.

ఇంతకూ ఆ పదకొండో ఎకరా తేలింది. తేల్చింది రైతు జేబులోని చిన్న పుస్తకం. ఏ మడి, ఏ రోజు, గుత్త ఎంత, అడ్వాన్సు ఎంత అని అందులో అన్నీ రాసుకున్నాడు. చదివి వినిపిస్తే మేస్త్రీ మారు మాట్లాడకుండా డబ్బు లెక్కపెట్టాడు. నాట్ల కాలంలో అలాంటి పుస్తకం ఒకటి ప్రతి రైతు దగ్గరా, దాని నకలు ప్రతి గుంపు దగ్గరా ఉండాలి. అంతవరకు ఆమె తిత్తిలోని గింజలనే నమ్ముదాం.