లావు (పదం)

లావు అనగా శరీరం గానీ, వస్తువు గానీ మందంగా, స్థూలంగా ఉండుటను తెలిపే దేశ్య పదం. ఇది నామవాచకంగానూ (తాడు లావు), విశేషణంగానూ (లావు మనిషి) వాడబడుతుంది. దీనికి వ్యతిరేక పదం సన్నం. నేడు ఎక్కువగా భారీకాయాన్ని సూచించే ఈ పదానికి ప్రాచీన సాహిత్యంలో 'బలం' అనే అర్థం ప్రసిద్ధం.

అర్థ పరిణామం

15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన రచించిన ఆంధ్ర మహాభాగవతం అష్టమ స్కంధంలో గజేంద్ర మోక్షం ఘట్టం ఉన్నది. మొసలితో పోరాడి అలసిన గజేంద్రుడు తనకు లావు ఏమాత్రం మిగలలేదని అందులో మొరపెట్టుకుంటాడు. ఏనుగుకు లావు లేకపోవడమేమిటని నేటి విద్యార్థికి సందేహం కలుగవచ్చు. ఇక్కడ లావు అనగా శక్తి. గజేంద్రుడు కోల్పోయినది దేహపుష్టి కాదు, బలం. బలశాలి అనే అర్థం గల 'లావరి' కూడా ఈ పదానికి సంబంధించినదే. 1852లో వెలువడిన సి.పి.బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో బలం, స్థూలత్వం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. తరువాతి కాలంలో మొదటి అర్థం వ్యవహారం నుండి తొలగి, రెండవది మాత్రమే నిలిచినది.

ప్రాంతీయ వాడుక

తెలంగాణలో ఇదే అర్థంలో 'దొడ్డు' అనే పదం విరివిగా వాడతారు. సన్న బియ్యానికి భిన్నమైనవి దొడ్డు బియ్యం. దీనికి దగ్గరి పదమైన 'దొడ్డ'కు పెద్ద, గొప్ప అని అర్థం. దొడ్డమనసు, దొడ్డమ్మ (తల్లి అక్క) ఇందుకు ఉదాహరణలు. కన్నడంలో కూడా దొడ్డ అనగా పెద్ద. హైదరాబాదు తూర్పు భాగంలోని చంపాపేట్, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల వివిధ ప్రాంతాలవారు కలసి నివసిస్తున్నందున లావు, దొడ్డు రెండూ వినిపిస్తాయి.

వైద్య పరిభాష

వైద్య విషయాలలో స్థూలకాయం, ఊబకాయం అనే పదాలు వాడుకలో ఉన్నాయి. స్థూల, కాయ అనేవి సంస్కృత పదాలు. చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం అతిస్థూలత్వాన్ని, అతికృశత్వాన్ని రెండింటినీ దోషాలుగానే పరిగణించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దవారిలో శరీర ద్రవ్యరాశి సూచిక (కిలోగ్రాములలో బరువును మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య) 25 లేదా అంతకు మించితే అధిక బరువు, 30 లేదా అంతకు మించితే స్థూలకాయం.

వాడుకలో భేదం

స్థూలకాయం ఒక ఆరోగ్య స్థితికి పేరు. లావు కేవలం ఆకారాన్ని తెలిపే మాట. కనుక లావుగా ఉన్నవారందరూ రోగులని ఈ పదం వలన అర్థం రాదు. బంధువులు "కాస్త ఒళ్ళు చేశావు" అని పలకరించుట ఒకప్పుడు ఆరోగ్యాన్ని మెచ్చుకొనుటయే. నేడు అదే మాట, ముఖ్యంగా పిల్లల విషయంలో, ఎగతాళిగా తోచి బాధ కలిగించవచ్చు. ఒకనాడు బలానికి పేరైన లావు, నేడు మనిషిని చిన్నబుచ్చే మాటగా కూడా వినిపిస్తున్నది.