రంగస్థలమెక్కిన లిపి: పండిత రఘునాథ్ ముర్ము

మన కర్మాగారాల్లో, బస్తీల్లో, సంతల్లో నిత్యం చెవినబడే సంతాలీ భాషకు సొంత లిపి ఉన్నదని మనలో ఎందరెరుగుదురు? ఆ లిపి పేరు ఓల్ చికి. దానిని సృష్టించిన పండిత రఘునాథ్ ముర్ము కవి, నాటకకర్త, ఉపాధ్యాయుడు. సాంకేతిక శిక్షణ పొందినవారు కూడా కావటంచేత ఆయన జీవితం మన పాఠకులకు మరింత ఆసక్తికరమని భావిస్తున్నాము.

జంషెడ్‌పూర్‌కు దక్షిణంగా ఒడిశా సరిహద్దు దాటితే మయూర్‌భంజ్ జిల్లా. అందలి రాయ్‌రంగ్‌పూర్ సమీపాన దండబోస్ గ్రామంలో 1905 మే 5న ఆయన జన్మించారు. బడిలో చదువంతా ఒడియాలోనే. ఇంటి భాషకు పుస్తకంలో చోటెందుకు లేదన్న ప్రశ్న ఆ బాలుని వదలలేదు. పెద్దయ్యాక బారిపద విద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌గా పనిచేసి, పారిశ్రామిక శిక్షణ పొంది, బోధకుడైనారు.

సంతాలీని అప్పటికే రోమన్, బెంగాలీ, ఒడియా, దేవనాగరి లిపులలో వ్రాసేవారు. అయితే గొంతులో ఆపి పలికే హల్లులు, కొన్ని అచ్చులు ఆ భారతీయ లిపులలో సరిగా ఇమడవు. కనుక 1925లో ఆయన 30 అక్షరాల కొత్త లిపిని కూర్చారు. పల్లెజీవితంలోని వస్తువులు, పనులే పలు అక్షరాలకు రూపాలైనవి. ‘ఇర్’ అంటే కోత. ఆ అక్షరం కొడవలిని తలపిస్తుంది. అచ్చువేయటానికి చెక్కతో చేతియంత్రాన్ని కూడా తయారుచేశారు.

అక్షరాలు తయారైనంత మాత్రాన చదివేవారు పుట్టరు. ఈ సత్యాన్ని గ్రహించటంలోనే ఆయన ప్రతిభ ఉన్నది. పాటలు వ్రాశారు, సృష్టిగాథపై ‘హితల్’ రచించారు, ‘బిదు చందన్’, ‘ఖేర్వాల్ బీర్’ వంటి నాటకాలు వెలువరించారు. 1942 నాటి ‘బిదు చందన్’లో నాయికానాయకులు పరస్పరం సందేశాలు పంపుకొనేది ఈ అక్షరాలతోనే. చదువురాని ప్రేక్షకుడు కథ చూస్తూ, ఆ గీతలకు అర్థమున్నదని తెలుసుకొనేవాడు. ఊరూరా తిరిగి ఆయన లిపిని బోధించారు. ప్రజలు ‘గురు గోమ్కే’ అని గౌరవించారు.

1982 ఫిబ్రవరి 1న ఆయన కన్నుమూశారు. 2003లో రాజ్యాంగ సవరణ ద్వారా సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. 2008లో ఓల్ చికి యూనికోడ్‌లో స్థానం పొంది కంప్యూటర్లకెక్కింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ భాష మాట్లాడేవారు 73 లక్షలకు పైమాటే. 2025తో లిపికి నూరేళ్లు నిండాయి.

పర్లాకిమిడిలో ఉండి సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన మన గిడుగు రామమూర్తి పంతులుగారిని ఈ సందర్భంలో స్మరించుకోవటం ఉచితం. తమది కాని భాషకై వారు శ్రమించారు. తన భాషకై ముర్ముగారు శ్రమించారు. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలలో పలువురు తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. లిపి లేని భాషకు ఒక ఉపాధ్యాయుడు లిపిని సంపాదించిపెట్టాడు. వేయేళ్లకు పైబడిన లిపి మన ఇళ్లలో అటకెక్కకుండా చూచుకొనే బాధ్యత మనదే. రోజుకొక అక్షరం దిద్దించినా రెండు నెలలలో వర్ణమాల పూర్తవుతుంది.