ఆలుగడ్డ అప్పాలు

పిల్లలూ! మన అచ్చంపేట వైపు సర్వప్ప తినని పిల్లవాడు ఉండడు. కొందరు దాన్ని సర్వపిండి అంటారు, కొందరు తపాలచెక్క అంటారు. బియ్యప్పిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు కలిపి, గిన్నె అడుగున చేత్తో వత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలుస్తారు. సరిగ్గా ఇలాగే కరకరలాడే అప్పం ఒకటి మంచు కురిసే దేశాలలో పుట్టింది. యూదులు తమ దీపాల పండుగకు దాన్ని చేసుకుంటారు. దాని పేరు లాట్కె. బియ్యప్పిండికి బదులు అందులో ఆలుగడ్డ ఉంటుంది.

యూదులంటే ఎక్కడివాళ్ళో అనుకునేరు! తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలవారు తమను ‘బెనె ఎఫ్రాయిమ్’ అని, అనగా ఎఫ్రాయీము సంతానమని చెప్పుకుంటారు. 1991లో వాళ్ళు అక్కడ ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నారు.

ఆ పండుగ పేరు హనుక్కా. క్రీస్తుకు పూర్వం 167లో అంటియోకస్ అనే రాజు యూదులను వాళ్ళ ఆచారాలు మానుకోమన్నాడు. జెరూసలేములోని దేవాలయాన్ని అపవిత్రం చేయించాడు. యూదా మక్కబీ అనే వీరుడు కొద్దిమందిని వెంటపెట్టుకుని కొండల్లోంచి పోరాడి, 164లో ఆ గుడిని తిరిగి గెలుచుకున్నాడు. గుడిలో దీపం వెలిగిద్దామని చూస్తే ఒక్కరోజుకు సరిపోయే నూనె మాత్రమే దొరికిందట. అది ఎనిమిది రోజులు వెలిగిందని కథ. అందుకే ఎనిమిది రాత్రులు దీపాలు పెడతారు: మొదటినాడు ఒకటి, రెండోనాడు రెండు, అలా ఎనిమిదోనాటికి ఎనిమిది. వాటిని వెలిగించటానికి వేరే దీపం ఇంకొకటి ఉంటుంది. వాళ్ళ నెలలు కూడా మన నెలల్లాగే చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. పండుగ నెలలో 25వ నాడు మొదలవుతుంది కనుక చంద్రుడు లేని చీకటి రాత్రులు దాని నడుమనే వస్తాయి. మన దీపావళి అమావాస్య గుర్తుకు రావటం లేదూ?

నూనె మహిమను తలచుకునే పండుగ కాబట్టి నూనెలో వేయించినవే తింటారు. అయితే మక్కబీ లాట్కెలు తిన్నాడనుకుంటే పొరపాటు. ఆలుగడ్డ దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల పంట. స్పెయిన్ వాళ్ళు 16వ శతాబ్దంలో దాన్ని ఐరోపాకు తెచ్చారు. తూర్పు ఐరోపాలో పేదవాళ్ళ తిండిగా అది స్థిరపడటానికి ఇంకా రెండు మూడు వందల ఏళ్ళు పట్టింది. అక్కడి యూదులు చాలామంది బీదవారు. చలికాలంలో చవకగా దొరికేది ఆలుగడ్డే. ఆలివ్ నూనె కొనే శక్తి ఎక్కడిది? బాతు కొవ్వు కరిగించి అందులోనే వేయించుకున్నారు. మనకు ఆ బాధ లేదు, మన నేలలో పల్లీ పండుతుంది కనుక పల్లీనూనె ఉండనే ఉన్నది.

ఇక పనిలోకి దిగుదాం. మీ అమ్మనో నాయననో పక్కన ఉండమనండి. తురమటం, పిండటం మీ పని. కాగిన నూనె దగ్గర పని పెద్దవాళ్ళది.

అరకిలో ఆలుగడ్డలు, ఒక ఉల్లిగడ్డ, ఒక కోడిగుడ్డు, రెండు చెంచాల గోధుమపిండి, ఉప్పు, మిరియాలపొడి కావాలి. పచ్చబడిన గడ్డలు తీసుకోవద్దు. ఎండ తగిలి పచ్చబడిన చోట సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, ఉడికించినా అది పోదు.

చెక్కు తీసి ఆలుగడ్డనూ ఉల్లిగడ్డనూ తురుముపీట మీద తురమండి. చూస్తుండగానే తురుము ఎర్రబడుతుంది. గడ్డను కోయగానే అందులోని ఎన్‌జైము ఒకటి గాలిలోని ఆక్సిజనుతో కలిసి చేసే పని అది. భయపడకండి, అది చెడిపోవటం కాదు. త్వరగా పని కానిస్తే చాలు.

ఇప్పుడు అసలు కీలకం. తురుమును పలుచని బట్టలో వేసి, గిన్నె మీద పట్టుకుని, బలంకొద్దీ పిండండి. ఆలుగడ్డలో ముప్పాతిక వంతు పైగా నీళ్ళే. మొదటిసారి నేను ఈ పిండటం దండగ అనుకుని మానేశాను. పెనం మీద నూనె చిటపటలాడి చుట్టూ చింది, అప్పాలు అట్లకాడ తగలగానే ముక్కచెక్కలైనాయి. మా మేనకోడలు “మామా, ఇది అప్పమా, ఉప్మానా?” అన్నది. నీరు 100 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది. కాగిన నూనె వేడి అంతకు చాలా ఎక్కువ. నీళ్ళు ఉన్నంతసేపూ తురుము ఉడుకుతుందే తప్ప వేగదు.

పిండిన నీళ్ళు పారబోయకండి! పది నిమిషాలు కదపకుండా ఉంచి, పైనీరు మెల్లగా వంచేయండి. అడుగున తెల్లని ముద్ద కనపడుతుంది. అదే స్టార్చి, బట్టలకు పెట్టే గంజిలో ఉండేదీ అదే. దాన్ని తురుములో కలిపితే వేడికి ఉబ్బి జిగురై అప్పాన్ని పట్టి ఉంచుతుంది. గుడ్డు తినని వాళ్ళు ఈ ముద్దతోనూ ఇంకో చెంచా పిండితోనూ సరిపెట్టుకోవచ్చు. ఉప్పు మాత్రం వేయించే ముందే వేయాలి. ముందుగా వేస్తే అది మళ్ళీ నీళ్ళు లాగుతుంది.

పెనంలో పావు అంగుళం లోతు నూనె కాచి, ఒక తురుము పోగు వేసి చూడమనండి. వెంటనే బుడగలు వస్తే కాగినట్టే. నిమ్మకాయంత ముద్దను అరచేతిలో పలుచగా వత్తి, నూనెలో మెల్లగా జారవిడవాలి. ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాలు. ఎర్రగా వేగాక జల్లెడలో విడివిడిగా ఉంచండి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే ఆవిరికి మెత్తబడతాయి.

యూదులు వీటిని పుల్లని మీగడతోనో, ఉడికించిన ఆపిలు గుజ్జుతోనో తింటారు. మనకు గడ్డపెరుగు సరిపోతుంది. రెండోసారి చేసినప్పుడు మా మేనకోడలు నన్నడగకుండానే ముద్దలో నువ్వులు కలిపింది, అరచేతిలో వత్తినప్పుడు నడుమ వేలితో చిల్లు పెట్టింది. వాళ్ళ అమ్మ దాన్ని పెనంలో వేసేసరికి ఆ చిల్లులోంచి నూనె బుసబుసమంటూ పైకి వచ్చింది. అంచులే కాదు, నడుమ కూడా కరకరలాడింది.