నవీకరణమునకు లొంగని కంప్యూటరు: ప్రాసెసరు ఫర్మ్‌వేరు విచారము

పడమటి కనుమల చెంత విరుదునగరు జిల్లాలో నున్న రాజపాళయము తమిళనాటి తెలుగువారి ముఖ్య నివాసములలో నొకటి. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా నుండిన పూ. స. కుమారస్వామిరాజాగారు ఈ పట్టణమువారే. 1936లో రాజపాళయం మిల్సు వెలసిన పిదప నూలుమిల్లుల వలనను, చేరువనున్న ఛత్రపట్టిలో నేయబడు ఆసుపత్రి కట్టుగుడ్డ వలనను ఈ ప్రాంతము పేరుగాంచినది. ఇంట తెలుగు పలుకుచు బడిలో తమిళము చదివినవారు ఇచట పెక్కురు. తెలుగు లిపి నెఱిగిన పెద్దలు తగ్గుచున్నకొలదిని, వారి చేతివ్రాత పుస్తకములను, వంశవృక్షములను, పెండ్లిపాటలను కంప్యూటరులోని కెక్కించి కాపాడుట అవసరమగుచున్నది. ఇట్టి పని సాధారణముగా ఒక ఇంటనో, ఒక సంఘపు గదిలోనో, ఒకే యంత్రముపై జరుగును. చిక్కంతయు నందే యున్నది.

అట్టి యంత్రమొకటి నవీకరణము నడుమ నిలిచి, నీలితెర చూపి, తిరిగి పాతస్థితికి వచ్చినదనుకొందము. మఱునాడును అంతే; మూడవనాడును అంతే. మరమ్మతు అంగడిలో మొదట వినవచ్చు మాట, ‘ఫార్మాటు చేయవలెను’ అని. రోగమేదైనను లంఖణమే మందన్నట్లు, ఈ మాట అన్నిటికిని చెప్పబడుచుండును. కాని ఫార్మాటు వలన డిస్కులోని వ్రాత మాత్రమే తుడిచిపెట్టబడును. దోషము ప్రాసెసరునకు సంబంధించిన ఫర్మ్‌వేరునందున్నచో అది డిస్కులో లేదు. మదరుబోర్డుపై వేఱొక చిన్న చిప్పునందున్నది. ఫార్మాటు దాని నంటనైనను అంటదు. వ్రాతలు పోవును, దోషము నిలుచును. తిరిగి ఎక్కించిన వ్యవస్థ మరల అదే నవీకరణమును కోరి మరల అచటనే తొట్రుపడును.

ఈ ఫర్మ్‌వేరు పని యెట్టిదో తెలియుటకు నూలుమిల్లునే చూడవచ్చును. కచేరినుండి ‘నేడు ఇంత నూలు కావలెను’ అని యొక్క యాజ్ఞ వచ్చును. మేస్త్రి దానిని పంచి, ఎవరు ఏ యంత్రమువద్ద ఏ పని ముందు చేయవలెనో చెప్పును. ప్రాసెసరునందును ఇట్టి మేస్త్రి కలడు. ఆపరేటింగ్ సిస్టమిచ్చు ఆజ్ఞలలో జటిలమైన వానిని సూక్ష్మమైన అంచెలుగా విడదీయు ఆ సూచనల సముదాయమునకే మైక్రోకోడని పేరు. ఈ భావమును 1951లో మాంచెస్టరు సమావేశమున మారిస్ విల్క్స్ ప్రతిపాదించెను.

1994లో ఇంటెల్‌వారి పెంటియము ప్రాసెసరు భాగహారములో తప్పు చేయుచున్నదని థామస్ నైస్లీ యను గణితాచార్యుడు బయటపెట్టెను. తప్పు సిలికానులోనే అచ్చుపడి యుండుటచే దిద్దుటకు వీలు లేకపోయెను; చిప్పులను మార్చి యియ్యవలసి వచ్చెను. అందులకు కంపెనీ వ్రాసికొన్న నష్టము 47 కోట్ల 50 లక్షల డాలర్లు. 1995లో వచ్చిన పెంటియం ప్రో మొదలు, మైక్రోకోడును తరువాత దిద్దుటకు వీలగు నేర్పాటు ఇంటెల్ ప్రాసెసరులలో చేరినది. అయితే ఈ దిద్దుబాటు శాశ్వతము కాదు. కరెంటు తీయగానే ప్రాసెసరు దానిని మఱచును. మన మేస్త్రి రాత్రి నిద్రించి నిన్నటి దిద్దుబాట్లన్నియు మఱచి, ప్రతి ఉదయమును చీటీ చదువుకొనవలసినవాడన్నమాట. ఆ చీటీని మొదట అందించునది మదరుబోర్డుపై నున్న ఫర్మ్‌వేరు, అనగా లోకవ్యవహారములో బయాసు. పిమ్మట ఆపరేటింగ్ సిస్టము తనవద్ద అంతకంటె క్రొత్త చీటీ యున్నచో దానిని చదివించును, పాతదైనచో ఊరకుండును.

ఇపుడు వైఫల్య కారణము సులభముగా బోధపడును. క్రొత్త వ్యవస్థ మేల్కొనగానే ప్రాసెసరును, ‘నీవెవరు? నీకేమేమి వచ్చును?’ అని ప్రశ్నించును. బయాసునందలి చీటీ పాతదైనచో ఉత్తరువు ఒక తీరు, ఉత్తరము ఒక తీరు అగును. వ్యవస్థ భయపడి నిలిచిపోవును.

ఇందులకు స్పష్టమైన నిదర్శనము 2023లో కనబడినది. ఆ సంవత్సరము ఆగస్టు 22న విండోస్ 11నకు విడుదలయైన కె.బి. 5029351 అను ఐచ్ఛిక నవీకరణము తరువాత కొందఱి తెరలపై ‘అన్‌సపోర్టెడ్ ప్రాసెసర్’ అను మాటతో నీలితెర వచ్చెను. ఆ ప్రాసెసరులు పాతవి కావు. వానిలో ఇంటెల్ 13వ తరమువి కలవు. ఎం.ఎస్.ఐ. కంపెనీ 600, 700 వరుసల మదరుబోర్డులలో ఈ బాధ విశేషముగా కనబడెను. దోషము నవీకరణముది కాదని మైక్రోసాఫ్టు తేల్చినది, ఎం.ఎస్.ఐ.వారు క్రొత్త మైక్రోకోడు చేర్చిన బయాసులను విడుదల చేసిరి. ప్రాసెసరు క్రొత్తదైనంత మాత్రమున ఫర్మ్‌వేరు క్రొత్తది కానక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

క్రొత్తదెల్ల మంచిదనుటయు పొరపాటే. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అను లోపములు బయటపడగా తొందరలో సిద్ధపఱచిన మైక్రోకోడు వలన హాస్వెల్, బ్రాడ్‌వెల్ ప్రాసెసరులు గల యంత్రములు తమంత తామే ఆగి మరల మొదలగుచుండెను. జనవరి 22న ఇంటెల్‌వారే దాని పంపకము నాపుడని కోరిరి. ఆ నెలలోనే మైక్రోసాఫ్టు నవీకరణము వలన కొన్ని పాత ఏ.ఎం.డి. యంత్రములు అసలే తెరచుకొనకపోగా, వానికి పంపుట కొన్నాళ్లు నిలిపివేయబడెను. కావున బయాసు మార్చుట అవసరము తేలిన పిమ్మటనే చేయదగిన పని.

అవసరము తేల్చుట యెట్లు? ముందుగా సామాన్య కారణములను తొలగింపవలెను. డిస్కులో చోటు చాలకపోవుట, పాత ప్రింటరు డ్రైవరు, నడుమ కరెంటు పోవుట, ఇవియే నూటికి ఎక్కువపాళ్లు కారణములనుట అతిశయోక్తి కాదు. అవి కావని తేలి, నీలితెరపై ప్రాసెసరు మాట కనబడెనేని, విండోసులోని ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరచి బయాసు వివరణము, తేదీ, మదరుబోర్డు పేరు ఒక కాగితముపై వ్రాసికొనవలెను. రిజిస్ట్రీలో హార్డ్‌వేర్, డిస్క్రిప్షన్, సిస్టమ్, సెంట్రల్‌ప్రాసెసర్, 0 అను వరుసలో దిగినచో ‘ప్రీవియస్ అప్‌డేట్ రివిజన్’, ‘అప్‌డేట్ రివిజన్’ అను రెండు గుర్తులు కనబడును. మొదటిది బయాసిచ్చిన చీటీ సంఖ్య. రెండవది ఇపుడు నడచుచున్నది. రెండును వేఱైనచో బయాసు వెనుకబడినదని గ్రహింపవచ్చును. లినక్సునందు ‘ప్రాక్ సీపీయూఇన్ఫో’ అను దస్త్రములో ‘మైక్రోకోడ్’ అను పంక్తి ఇట్టిదే చెప్పును.

తరువాత యంత్రము చేసిన కంపెనీవారి స్థలమునుండి మాత్రమే, సరిగా ఆ నమూనాకు చెందిన బయాసును తెచ్చుకొనవలెను. ఒక్క అక్షరము తేడా యున్న నమూనాది ఎక్కించుట ప్రమాదము. విడుదల వివరములలో మైక్రోకోడు ప్రస్తావన యున్నదా యని చూడవలెను.

ఎక్కించుటకు ముందు వ్రాతలన్నియు వేఱొక డిస్కునకు చేర్చుట ప్రధానము. ఇచట తెలుగువారు ప్రత్యేకముగా జాగ్రత్తపడవలసిన సంగతి కలదు. యూనికోడులో వ్రాసినవి ఎచటనైనను చదువబడును. కాని అను ఫాంట్లు మొదలగు పాత అక్షరరూపములలో కూర్చినవి ఆ ఫాంటు లేనిచో అర్థము లేని గుర్తుల కుప్పయగును. కావున దస్త్రముతోపాటు ఫాంటును, కీబోర్డు అమరికను కూడ దాచవలెను. బిట్‌లాకరు తాళమున్నచో పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసికొని తాళమును తాత్కాలికముగా నిలుపవలెను. లేకున్న బయాసు మారిన వెంటనే యంత్రము యజమానినే అపరిచితునిగా నెంచును. అన్నిటికంటె ముఖ్యము కరెంటు. బయాసు వ్రాయుచుండగా విద్యుత్తు పోయినచో మదరుబోర్డు మూగబోవచ్చును. ల్యాపుటాపైనచో బ్యాటరీ నిండుగా నుండి ఛార్జరు తగిలించి యుండవలెను. బల్లమీది యంత్రమునకు యూపీఎస్ తప్పనిసరి. వాన మబ్బు పట్టిన సాయంకాలము ఈ పని కెత్తుకొనకుండుట మేలు.

మరి కంపెనీవారు క్రొత్త బయాసు ఇయ్యని పాత యంత్రముల గతి యేమి? 2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచిత ల్యాపుటాపు లిచ్చు పథకము మొదలిడినది. ఆ తొలి సంవత్సరముల యంత్రములు విండోస్ 11నకు తగవు. దానికి ఇంటెల్‌లో సాధారణముగా 8వ తరము ప్రాసెసరును, టీపీఎం 2.0ను కావలెను. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. ఇట్టివానికి లినక్సు తగిన ఆశ్రయము. అది ప్రతి ఆరంభమునను మొదటనే మైక్రోకోడు చీటీని ప్రాసెసరునకు చదివింపగలదు. ఇందును ఒక హద్దు కలదు. ఇంటెల్, ఏ.ఎం.డి. వారు ఆ ప్రాసెసరునకు దిద్దుబాట్లు వ్రాయుట మానినచో లినక్సుకూడ క్రొత్తగా ఇయ్యగలది లేదు.

పని ముగిసిన పిదప రివిజను గుర్తును మరల చూచి, పాతదానితో సరిపోల్చి, తేదీతో సహా కాగితముపై వ్రాసి యంత్రము పెట్టెకు అంటించి యుంచినచో, తరువాత మరమ్మతు చేయువాడు మొదట దానినే చూచును.