జెర్సీ సిటీలో నా తొలి రోజులు

పండుగ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం వారు అడిగారు. వంటలు, వ్రతాల గురించి రాయడానికి నాకన్నా సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను స్వయంగా చూసిన సంగతి ఒకటి రాస్తున్నాను.

1992 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి తెనాలి నుంచి వచ్చాను. కాలేజీ నెవార్క్‌లోని ఎన్.జె.ఐ.టి. నాకంటే ముందు వచ్చిన ఇద్దరు అక్కలు జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ స్టేషన్‌కి నడక దూరంలో, ఒక పాత ఇంటి మూడో అంతస్తులో ఉండేవారు. వాళ్ళతో నేను మూడోదాన్నయ్యాను.

అమెరికా అంటే అద్దాల మేడలనుకున్నాను. తీరా చూస్తే ఇరుకు వీధులు, ఇటుక ఇళ్ళు, గోడల వెంట ఇనప మెట్లు! ఉసూరుమనిపించింది. మర్నాడు అక్కలు నెవార్క్ అవెన్యూకి తీసుకెళ్ళారు. కందిపప్పు, చింతపండు, స్టీలు గిన్నెలు, చీరలు, హిందీ సినిమా కేసెట్లు అన్నీ వరసగా ఉన్నాయి. నాలుగు అంగళ్ళు దాటేసరికి ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారం ఎక్స్చేంజ్ ప్లేస్ దగ్గర హడ్సన్ ఒడ్డున నిలబడ్డాం. నదికి అవతల, 2001లో కూలిపోయిన ఆ జంట సౌధాలు అప్పట్లో తలెత్తి చూడాల్సినంత దగ్గరగా కనిపించేవి. ఇవతలి ఒడ్డున 1924 నాటి కోల్గేట్ గడియారం, 50 అడుగుల వెడల్పు. నా చేతి వాచీ మాత్రం ఇంకా తెనాలి టైమే చూపిస్తోంది.

సోమవారం కాలేజీకి తయారవుతుంటే పెద్దక్క నా నుదుటి వైపు చూసింది.

“పగలు ఫరవాలేదు గాని, రాత్రిపూట ఒక్కదానివీ స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు ఆ బొట్టు తీసెయ్యి.”

“ఎందుకక్కా?”

“చెప్తాలే. ముందు తీసెయ్యి.”

ఆ రాత్రి రైల్లోనే తీసి పుస్తకం అట్టకి అంటించాను. తర్వాత పగలు కూడా పెట్టుకోవడం మానేశాను. అప్పట్లో ఇండియాకి ఫోనంటే నిమిషానికి డాలరు పైమాటే. ఉన్న నాలుగు నిమిషాల్లో అమ్మ అడిగేది రెండే: “సరిగ్గా తింటున్నావా? బొట్టు పెట్టుకుంటున్నావా?” రెండింటికీ “ఆ” అనేదాన్ని.

మేము సరుకులు కొనే కొట్టులో ఒక గుజరాతీ పెద్దావిడ ఉండేది. రూపాయి కాసంత బొట్టు. ఒక సాయంత్రం ధైర్యం చేసి, నాకొచ్చిన హిందీలో, మీకు భయం లేదా ఆంటీ అని అడిగాను. ఆవిడ చింతపండు తూస్తూనే చెప్పింది.

1987లో ఈ ఊళ్ళో ‘డాట్‌బస్టర్స్’ అని ఒక ముఠా బయల్దేరింది. డాట్ అంటే మన బొట్టే. భారతీయులను ఈ ఊరి నుంచి తరిమేస్తామని వాళ్ళు రాసిన ఉత్తరం స్థానిక పత్రికలో అచ్చయింది. ఆ సెప్టెంబరులో పక్కనున్న హొబోకెన్‌లో నవ్రోజ్ మోదీ అనే యువకుణ్ణి కొందరు కొట్టి చంపారు. ఆయన పార్సీ, బ్యాంకు ఉద్యోగి. ఆయన నుదుట బొట్టే లేదు. ఆ రోజుల్లోనే జెర్సీ సిటీలో కౌశల్ శరణ్ అనే డాక్టరును కూడా చావుదెబ్బలు కొట్టారు.

“మా ఆయన తీసెయ్యమంటే నేనూ ఒక వారం తీసేశాను బేటీ. ఆ వారమే మా కొట్టు అద్దం పగలగొట్టారు. ఇంక తీసి ఏం లాభం?” అంది.

తర్వాత మనవాళ్ళు ఊరుకోలేదు. వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. 1990లో ద్వేషంతో చేసే నేరాలకు శిక్ష పెంచుతూ న్యూజెర్సీలో చట్టం వచ్చింది. మొదటి రోజు నాకు ప్రాణం లేచొచ్చిన ఆ అంగళ్ళు ఇంత జరిగాక కూడా తలుపులు తీసి నిలబడ్డవన్న మాట! ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

ఆ రాత్రే బొట్టు పెట్టుకున్నానని రాస్తే గొప్పగా ఉంటుంది గాని, అది నిజం కాదు. ఇంకో నెల పట్టింది. దసరాకి కొట్టుకి వెళ్తే, ఆంటీ దేవుడి పటం ముందున్న కుంకుమ భరిణ మాట్లాడకుండా నా ముందుకు జరిపింది. పెట్టుకున్నాను. చీకటి పడ్డాక గుండె దడదడలాడుతుండగా ఇంటికి నడిచాను. దారిలో ఒకే ఒక్క ముసలాయన ఆపాడు, టైమెంతయిందని అడగడానికి! వాచీ చూసి చెప్పాను. ఎప్పుడు మార్చానో గుర్తులేదు గాని, అది అమెరికా టైమే చూపిస్తోంది.

ఆదివారం అమ్మ అడిగినప్పుడు “ఆ” అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

ఇప్పుడు ఆ వీధిని ఇండియా స్క్వేర్ అంటున్నారు. నవరాత్రుల్లో రోడ్డు మూసి మరీ గర్బా ఆడతారు. మన పిల్లలు బడికి బొట్టు పెట్టుకుని వెళ్తారా, లేదా అన్నది వాళ్ళ ఇష్టం. అది వాళ్ళ ఇష్టమయ్యేందుకు ఆ వీధిలో కొందరు ఎంత ఓర్చుకున్నారో మాత్రం, ఈ పండుగ పూట వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చెప్పండి.