కదలని కాళ్లు, కదిలే తల

తెర మీద కెమెరా ఒక కొండ వరుస వెంట నెమ్మదిగా తిరుగుతుంటే మనం కెమెరాను గమనించం, కొండల్నే చూస్తాం. మధ్యలో ఒక్క కుదుపు వచ్చిందంటే మాత్రం కొండలు పోయి కుదుపే మిగులుతుంది. ఆ కుదుపును వదిలించుకోవడానికి సినిమా పుట్టాక దాదాపు 50 ఏళ్లు పట్టింది.

ఫొటోలు తీసే ట్రైపాడ్‌కు ఉన్నది ఒకటే పని: నిలబడటం. వీడియో ట్రైపాడ్‌కు రెండు పనులు, అవీ ఒకదానికొకటి పొసగనివి. కాళ్లు ఇసుమంత కూడా కదలకూడదు, తల మాత్రం చెయ్యి అడిగినట్టల్లా కదలాలి. ఈ యంత్రం చరిత్రంతా ఈ రెంటికీ రాజీ కుదిర్చే ప్రయత్నమే.

1897 జూన్ 22న విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా లండన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. దాన్ని చిత్రించడానికి వెళ్లిన రాబర్ట్ పాల్ అనే పనిముట్ల తయారీదారు, ట్రైపాడ్ మీద కెమెరాను పక్కలకు తిప్పగల తలను అమర్చుకున్నాడు. పిడి తిప్పితే వర్మ్ గేరు తిరిగి కెమెరాను తిప్పుతుంది. ఆ రోజుల్లో ఫిల్మ్ నడవాలన్నా చేత్తోనే తిప్పాలి. అంటే ఒక చెయ్యి ఫిల్మ్‌కు, ఇంకో చెయ్యి తలకు. రెండు చేతులూ రెండు వేగాలతో నడిపిన ఆ తొలితరం కెమెరామన్ల నేర్పు చిన్నది కాదు.

గేర్లు లేని తలలు తేలికే గానీ వాటిని రాపిడితో బిగించాల్సి వచ్చేది. చిక్కంతా అక్కడే. రెండు గట్టి తలాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నప్పుడు కదలిక మొదలుపెట్టడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. కెమెరామన్ పిడిని నెమ్మదిగా నొక్కుతాడు, తల కదలదు. ఇంకాస్త నొక్కుతాడు, ఒక్కసారిగా విడివడి ముందుకు దూకుతుంది. నెమ్మదిగా తిప్పాలనుకునే కొద్దీ ఈ పట్టు, ఈ దూకుడు మళ్లీ మళ్లీ వస్తాయి. ఎంత నిలకడైన చెయ్యి అయినా దీన్ని దాటలేదు. లోపం చేతిది కాదు, రాపిడిది.

అమెరికాలో కార్ల్ ఏక్లీ ఇంకో దారి పట్టాడు. ఆయన మ్యూజియంలలో జంతువుల నమూనాలు నిలబెట్టే ప్రకృతి శాస్త్రవేత్త. ఆఫ్రికాలో పరుగెత్తే జంతువులను చిత్రించడం కోసం సొంతంగా కెమెరా తయారు చేసుకున్నాడు. దాని తలలో పళ్లచక్రాలతో తిరిగే ఫ్లైవీల్ ఉండేది. తిరిగే చక్రం జడత్వం చేతి వణుకును మింగేస్తుంది. దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ తన ‘నానూక్ ఆఫ్ ద నార్త్’ (1922) చిత్రం కోసం ఆర్కిటిక్ మంచులోకి తీసుకెళ్లింది ఏక్లీ కెమెరాలనే. అయితే జడత్వంతో ఒక పేచీ ఉంది: అది వణుకును ఆపినట్టే, మనం ఆపాలనుకున్నప్పుడు ఆగడానికీ మొరాయిస్తుంది.

అసలు జవాబు నూనెలో దొరికింది. ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ 1940లలో చిక్కని ద్రవం నింపిన తలను తయారు చేసి 1946లో పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో చాడ్‌వెల్ ఓకానర్ అనే ఇంజనీరు కూడా ఇదే దారికి వచ్చాడు. ఓకానర్‌కు ఆవిరి రైళ్లంటే ప్రాణం. దూసుకుపోయే ఇంజన్ వెంట కెమెరా కుదుపు లేకుండా తిరగాలన్న పట్టుదలతో ద్రవం నింపిన తలను చేసుకున్నాడు. రైళ్లను చిత్రిస్తున్న ఆయన దగ్గరికి వచ్చి ఆ తల గురించి ఆరా తీసినవాడు మరో రైళ్ల పిచ్చివాడు, వాల్ట్ డిస్నీ. ఆ తలలు డిస్నీ ప్రకృతి చిత్రాల బృందాలకు చేరాయి. చాలా ఏళ్ల తర్వాత ఈ ఆవిష్కరణకే ఆస్కార్‌లిచ్చే అకాడమీ ఓకానర్‌ను రెండుసార్లు గౌరవించింది. రెండోది, 1992కి గాను ఇచ్చినది, ఆస్కార్ ప్రతిమ. సరదాకు మొదలుపెట్టిన పని ఇంత దూరం వెళ్లడం నాకు ఎప్పుడు తలచుకున్నా సంతోషం కలిగిస్తుంది.

ఇంతకీ ద్రవం చేసేదేమిటి? తల లోపల పలచని పళ్లేల్లాంటి బిళ్లలు ఒకదానికొకటి అతి దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య సన్నని సందులో చిక్కని సిలికోన్ గ్రీజు ఉంటుంది. తల తిరిగితే ఒక బిళ్ల కదులుతుంది, పక్కది నిలిచి ఉంటుంది, మధ్యనున్న గ్రీజు పొరలు పొరలుగా జారుతుంది. బెల్లం పాకంలో గరిటె తిప్పి చూడండి: నెమ్మదిగా తిప్పితే దారి ఇస్తుంది, తొందరపడితే ఎదురు తిరుగుతుంది. ద్రవం చూపే నిరోధం వేగాన్ని బట్టి పెరుగుతుంది, వేగం సున్నా అయితే నిరోధమూ సున్నాయే. కాబట్టి బయలుదేరేటప్పుడు దూకుడు లేదు. చెయ్యి ఒక్క క్షణం వణికితే ఆ వణుకు వేగం ఎక్కువ కనక ద్రవం దాన్నే గట్టిగా అడ్డుకుంటుంది, అసలు కదలికను పోనిస్తుంది. సందు ఎంత సన్నగా ఉంటే నిరోధం అంత ఎక్కువ. మంచి తలల మీద డ్రాగ్ (నిరోధం) అంకెలు మార్చినప్పుడు లోపల జరిగేది చాలావరకు ఎన్ని బిళ్లలు పనిలోకి రావాలో ఎంచుకోవడమే. సిలికోన్‌ను ఎన్నుకోవడానికీ కారణం ఉంది: చలికీ ఎండకీ దాని చిక్కదనం మామూలు నూనెలంత మారదు.

టిల్ట్‌కు, అంటే కెమెరాను పైకీ కిందికీ వంచడానికి, వచ్చేసరికి గురుత్వాకర్షణ కూడా చేరుతుంది. 5 కిలోల కెమెరా బరువు కేంద్రం ఇరుసుకు 12 సెంటీమీటర్ల పైన ఉందనుకోండి. దాన్ని 30 డిగ్రీలు వంచితే సుమారు 3 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) దాన్ని ఇంకా కిందికి లాగుతుంది. వంపు పెరిగే కొద్దీ లాగుడూ పెరుగుతుంది. అందుకే తలలో స్ప్రింగు పెట్టి, అదే లెక్కన ఎదురు లాగేలా చేస్తారు. దీన్ని కౌంటర్ బ్యాలెన్స్ అంటారు. కుదిరిన తల మీద కెమెరాను ఏ వంపులో వదిలేసినా అక్కడే ఉండిపోతుంది.

ఇక కాళ్లు. మొదట కర్ర, తర్వాత అల్యూమినియం. కార్బన్ ఫైబర్ కథ సినిమాకు ఎక్కడో దూరంగా నడిచింది. 1958లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో రోజర్ బేకన్ వేరే పరిశోధన చేస్తూ అసాధారణ బలమున్న గ్రాఫైట్ పోగులను గమనించాడు. ఆ తర్వాత జపాన్‌లో అకియో షిండో పాలీఅక్రిలోనైట్రైల్ దారం నుంచి కార్బన్ పోగులు తీశాడు. 1960లలో బ్రిటన్‌లోని ఫార్న్‌బరో శాస్త్రవేత్తలు దాన్ని మరింత గట్టిపరిచారు. విమానాలు, గాలాల కడ్డీలు, గోల్ఫ్ కర్రల మీదుగా అది ట్రైపాడ్‌కు చేరేసరికి 1994 వచ్చింది. ఆ ఏడాది జిట్జో సంస్థ తొలి కార్బన్ ఫైబర్ ట్రైపాడ్‌ను తెచ్చింది. పోగు మందం మీటరులో పది లక్షల వంతులు ఏడింటికి అటూ ఇటూ. రెసిన్‌తో కలిపిన గొట్టం సాంద్రత అల్యూమినియం సాంద్రతలో దాదాపు 60 శాతమే. కంపనాన్ని కూడా లోహం కన్నా త్వరగా అణచేస్తుంది.

అయితే వీడియోకు తేలికదనం ఒక్కటే చాలదు. ద్రవం ఎంత నిరోధం చూపితే అంత బలమూ తల నుంచి కాళ్లకు దిగుతుంది. పాన్ చేస్తున్నంతసేపూ, అంటే కెమెరాను పక్కలకు తిప్పుతున్నంతసేపూ, కాళ్లు సన్నగా మెలి తిరుగుతాయి. చెయ్యి ఆపగానే ఆ మెలిక విప్పుకుంటుంది, తెర మీద దృశ్యం వెనక్కి ఒక్క అడుగు వేస్తుంది. 600 మిల్లీమీటర్ల లెన్స్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో చూసేది అడ్డంగా సుమారు 3.4 డిగ్రీలు. 0.1 డిగ్రీ మెలిక తిరిగినా దృశ్యం దాదాపు 3 శాతం పక్కకు జరిగినట్టే. 1920 పిక్సెళ్ల చిత్రంలో అది 56 పిక్సెళ్లు.

అందుకని వీడియో కాళ్ల గొట్టాల్లో పోగులన్నీ నిలువుగా ఉంటే కుదరదు. నిలువు పోగులు వంగడాన్ని ఆపుతాయి, మెలికను ఆపలేవు. మెలికను ఆపేవి గొట్టం చుట్టూ 45 డిగ్రీల వాలున రెండు వైపులా చుట్టిన పోగులు. చాలా వీడియో ట్రైపాడ్‌ల కాళ్లు జంట గొట్టాలతో ఉండటానికి, కాళ్లను కలుపుతూ స్ప్రెడర్ ఉండటానికీ కారణం ఈ మెలికను ఆపడమే.

పెళ్లిళ్లకో డాక్యుమెంటరీలకో ట్రైపాడ్ కొనేవాళ్లు కిలోలు తూచి ఊరుకోవద్దు. కెమెరా ఎక్కించి, జూమ్ చివరిదాకా లాగి, పాన్ డ్రాగ్‌ను పెద్ద అంకెకు పెట్టండి. దూరాన ఉన్న కిటికీ అంచు దాకా నెమ్మదిగా తిప్పి పిడి వదిలేయండి. ఆ అంచు ఆగినచోటే ఉందా, వెనక్కి జరిగిందా అన్నది వ్యూఫైండర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.