వడ్రంగి పాకలో పొట్టు పొయ్యి

చింతపల్లి : శీతాకాలం వచ్చిందంటే లంబసింగి మంచు చూడడానికి మైదాన ప్రాంతం నుంచి జనం బారులు తీరతారు. వారికి అది వేడుక. ఆ మంచులోనే పొద్దున్నే ఉలి పట్టవలసిన వడ్రంగి మాటేమిటి?

లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున వుంది. దీనికే కొర్రబొయిలు అని మరో పేరు. కొర్ర అంటే కర్ర. ఆరుబయట వున్నవాడు కర్రలా బిగుసుకుపోతాడట! డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోవడం ఇక్కడ మామూలే.

వేళ్లు కొంకర్లు పోతే చిత్రిక సరిగా నడవదు, ఉలి జారుతుంది. అంతకంటె పెద్ద చిక్కు జిగురుతో. వెనుకటి మరవజ్రాన్ని నీళ్లగిన్నెలో వుంచి కరిగించి రాసేలోగానే చలికి గడ్డకట్టేది. ఇప్పటి తెల్ల జిగురుదీ అదే కథ. మరీ చలిలో ఆరితే సుద్దలా పొడిబారి అతుకు వూడిపోతుంది. కాబట్టి ఇంటి పంచనే పని పాకగా చేసుకున్నవాడికి వెచ్చదనం సోకు కాదు, బతుకుతెరువు.

కొయ్య కోసేచోట రంపపు పొట్టుకు కరువు లేదు. దానితో పొయ్యి చేసుకోవడానికి కావలసింది పాత రేకు డబ్బా ఒకటి. అడుగున పక్కగా రెండంగుళాల కన్నం చేసి, అందులోంచి ఒక గుండ్రటి కర్రను లోపలికి దూరుస్తారు. డబ్బా నడుమ ఒక సీసాను నిలబెట్టి, చుట్టూ పొడి పొట్టును దట్టించి కూరుతారు. తర్వాత కర్రనూ సీసానూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే గాలికి దారి ఏర్పడుతుంది. కింది కన్నంలో పేళ్లు పెట్టి అంటిస్తే నిప్పు లోపలి నుంచి అంచులకు పాకుతూ గంటల తరబడి కాలుతుంది. కన్నానికి రాయి అడ్డుపెడితే మంట తగ్గుతుంది. పొట్టు వదులుగా వుంటే నడుమ కూలి ఆరిపోతుంది, తడిగా వుంటే పొగ చూరుతుంది. ప్లైవుడ్ పొట్టు, రంగు వేసిన చెక్క మాత్రం ఇందులో వేయరాదు. ఆ పొగ చెడ్డది. గ్యాసు రాకముందు పట్నాల్లో ఎందరో ఇల్లాళ్లు దీనిమీద వంట చేసినవారే.

ఇంతవరకు బాగానే వుంది. ప్రమాదమంతా తలుపు మూయడంలో వుంది.

కుమ్ములా కాలే నిప్పుకు గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా బలంగా అది రక్తానికి అంటుకుంటుంది. తలనొప్పి, తలతిరుగుడు, వికారం, ఆపైన మగత. నిద్రలో వున్నవాడికి ఆ హెచ్చరికలు కూడా తెలియవు. పొగ లేదు కదా అని ధీమా పడేది సరిగ్గా ఇక్కడే. నాటు పెంకుల ఇళ్లలో సందుల గుండా గాలి ఆడేది. స్లాబు వేసి, తలుపులు బిగించుకున్న గదిలో ఆ వీలు లేదు. అతుకు రాత్రంతా వెచ్చగా వుండాలని పొయ్యి పక్కనే పడుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

డబ్బాపై మూతకు రేకు గొట్టం బిగించి, దాన్ని గోడలోంచి బయటికి తీసి, ఇంటి కప్పు కంటె ఎత్తు వుంచడం మేలు. తాటాకు, గడ్డి కప్పుకు గొట్టం తగలరాదు. గొట్టం వున్నా సరే, కిటికీ ఒకటి ఓరగా తీసి వుండాలి. పేళ్లు, పొట్టు పొయ్యికి ఎడంగా, బకెట్టు నీళ్లు దగ్గరగా. ఎవరికైనా తల దిమ్మెక్కితే ముందు బయటి గాలిలోకి తీసుకువెళ్లి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

ఇక అతుకుల పని ఎండ పొడిచాక, మధ్యాహ్నంపూట పెట్టుకుంటే సగం బెడద తీరుతుంది. బిగించిన చట్రానికి గోనెపట్టా కప్పి, చీకటి పడకముందే పొయ్యిని వాకిట్లో పెట్టేయవచ్చు. తెల్లారేసరికి డబ్బా అడుగున మిగిలేది నాలుగు గుప్పిళ్ల బూడిద. అది పెరట్లో చిక్కుడు పాదుకు పోతుంది.